చైనా దేశమునకు మితవ్యయముగా విమానయానము చేయు విధము

క్రీస్తు శకము ఏడవ శతాబ్దమున హ్యూయాన్ త్సాంగ్ అను చైనా యాత్రికుడు మన ఆంధ్రదేశమునకు వచ్చి, కృష్ణాతీరమందలి ధాన్యకటకమును దర్శించెను. అతడు బయలుదేరినది మొదలు 645వ సంవత్సరమున స్వదేశపు రాజధానికి తిరిగి చేరువరకు పదియేండ్లకు పైబడి కాలము గడచెను. 1938వ సంవత్సరమున, తెలుగువారు పెక్కుమంది నివసించు షోలాపూరునకు చెందిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీసు, యుద్ధమున గాయపడిన చైనీయులకు చికిత్స చేయుటకై మరి నలుగురు వైద్యులతో కలిసి బొంబాయిలో ఓడ నెక్కెను. నేడు అదే దేశమునకు ఒక రాత్రి, ఒక పగటిలో పోవచ్చును. త్రోవ సులభమైనది కాని, ఖర్చు లెక్క మాత్రము సులభము కాలేదు. ఆ లెక్కను గూర్చియే ఈ వ్యాసమున ముచ్చటింపదలచితిమి.

మన దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగరు ప్రాంతములు విద్యార్థుల వసతిగృహములకును, శిక్షణాలయములకును పేరుపడినవి. విదేశవిద్యకు పంపెదమను పలకలు వీధివీధిని కానవచ్చును. మన తెలుగు విద్యార్థులు కొందరు వైద్యవిద్యకై చైనాకు పోవుచున్నారు. వర్తకులు సరకులు చూచుకొనుటకై గ్వాంగ్‌జౌ నగరమునకు పోవుచున్నారు. ఇట్లు పోవువారిలో ధనవంతులే యుండరు. ఒక తండ్రి పొలము తాకట్టు పెట్టియుండును. ఒక తల్లి మెడలోని గొలుసు బ్యాంకులో నుంచియుండును. అట్టి సొమ్ము దారిలో వృథా కారాదు. కావున విద్యార్థులును, తలిదండ్రులును ఒక్క మాట మనసున నిలుపుకొనవలెను: చౌక టిక్కెట్టు వేరు, చౌక ప్రయాణము వేరు. మన గడపనుండి అక్కడి బస గడపవరకు అగు మొత్తమును కూడినగాని ఏది చౌకయో తెలియదు.

మొదట భూగోళపాఠమును జ్ఞప్తికి తెచ్చుకొందము. పాఠశాలలోని గోళముపై హైదరాబాదున ఒక కొనయు, షాంఘైన మరియొక కొనయు నుంచి దారమును బిగించి పట్టినచో అదియే దగ్గరి త్రోవ. దాని పొడవు సుమారు 4,600 కిలోమీటర్లు. ఇక మధ్య నొకచోట విమానము మారు త్రోవలను కొలుతము. హాంకాంగు మీదుగా సుమారు 5,000, బ్యాంకాకు మీదుగా 5,300, ఢిల్లీ మీదుగా 5,550, సింగపూరు మీదుగా 7,100 కిలోమీటర్లు. దుబాయి మీదుగా పోయినచో సుమారు 9,000 కిలోమీటర్లు; అనగా తూర్పునకు పోవలసినవాడు ముందు పడమటికి పోయి, ఇంచుమించు రెండింతల దూరము తిరుగును. గ్వాంగ్‌జౌకు పోవువారికి కోల్‌కతా త్రోవ మిక్కిలి తిన్ననిది. దారము కొలత సుమారు 3,700 కాగా, కోల్‌కతా మీదుగా 3,750 మాత్రమే.

దూరము పెరిగినకొలది వెలయు పెరుగునని మీరు తలపవచ్చును. రైలు టిక్కెట్టు విషయమున ఆ మాట చాలవరకు నిజము. విమానము విషయమున నిజము కాదు. ఒకే విమానములోని ఒకే తీరు ఆసనములను సంస్థవారు అనేక ధరల తరగతులుగా విభజించి అమ్ముదురు. తక్కువ ధరవి ముందుగా చెల్లిపోవును. మిగిలినవి దినము దగ్గరపడినకొలది ప్రియమగును. విమానము నిండినను నిండకున్నను ఎగురవలసినదే గనుక, పోటీ యెక్కువగా నున్న చుట్టుత్రోవలో ధర తగ్గింపబడుటయు కలదు. అందుచే ధర నొక్కదానిని చూచి త్రోవను నిర్ణయింపరాదు. దూరము నొక్కదానిని చూచియు నిర్ణయింపరాదు. రెంటిని, వానితోపాటు గంటలను, సామానును కూడ తూచవలెను.

ఇటీవలి చరిత్రయు కొంత తెలిసియుండవలెను. 2020వ సంవత్సరము ఫిబ్రవరి మొదటి దినములలో, వూహాను నగరమున చిక్కుకొన్న మనవారిని ప్రభుత్వము రెండు ప్రత్యేక విమానములలో ఢిల్లీకి చేర్చెను. ఆ యేటినుండి భారత చైనా దేశముల మధ్య నేరు విమానములు నిలిచిపోయెను. విద్యార్థుల వీసాలు 2022 ఆగస్టువరకు ఆగియుండెను. 2025 అక్టోబరు 26వ తేదీన కోల్‌కతానుండి గ్వాంగ్‌జౌకు నేరు విమానము మరల బయలుదేరెను. నవంబరులో ఢిల్లీనుండి గ్వాంగ్‌జౌకును, ఢిల్లీ షాంఘైల నడుమను సేవలు మొదలయ్యెను. దీనివలన మనవారికి విదేశమున మారు త్రోవలే కాక, స్వదేశమున మారు త్రోవలు కూడ లభించినవి. ఇట్టి సేవలు దేశముల మైత్రిని బట్టి హెచ్చుచు తగ్గుచు నుండును గనుక, గత సంవత్సరపు సమాచారమును నమ్మక, కొనునాడే విచారింపవలెను.

ఇపుడు ఒక చిన్న లెక్క చేయుదము. ఇందలి సంఖ్యలు లెక్క నిమిత్తము ఊహించినవేగాని అంగడి ధరలు కావు. ఒక విద్యార్థికి రెండు విధములైన టిక్కెట్లు కానవచ్చెననుకొందము. మొదటిది, వేర్వేరు సంస్థల రెండు విడి టిక్కెట్లు కలిపి 22,000 రూపాయలు. రెండవది, గమ్యమువరకు ఒకే టిక్కెట్టు, 31,000 రూపాయలు. తొమ్మిదివేలు మిగిలినవని మొదటిదానికి ఆశపడుట సహజము. కాని రెండవ విమానమున పెట్టెకు విడిగా 6,000 చెల్లింపవలసివచ్చెను. పెట్టెను మధ్యదేశమున తీసికొని మరల అప్పగింపవలెను గనుక ఆ దేశములో ప్రవేశింపవలసివచ్చి, వీసాకు 3,000 అయ్యెను. రాత్రి బసకు, భోజనమునకు 4,000 అయ్యెను. మొత్తము 35,000. చౌక యనుకొన్నదే నాలుగువేలు ప్రియమాయెను.

ధనము కంటె పెద్ద అపాయము మరియొకటి కలదు. ఒకే టిక్కెట్టుపై పోవునపుడు మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయినచో, తరువాతి విమానమున స్థల మిచ్చు బాధ్యత సంస్థవారిది. విడి టిక్కెట్లపై పోవునపుడు ఆ బాధ్యత యెవరికిని లేదు. రెండవ టిక్కెట్టు సొమ్ము పోయినట్లే. పరదేశపు విమానాశ్రయమున, మొదటిసారి ఇల్లు విడిచిన పదునెనిమిదేండ్ల పిల్లవానికి ఆ స్థితి ఎట్లుండునో తలిదండ్రులు యోచింపవలెను. తొలి ప్రయాణమునకు ఒకే టిక్కెట్టు కొనుట మేలని మా తలంపు. విమానము మారుటకు మూడు గంటలైనను వ్యవధి యుండుట క్షేమము.

కొనుటకు ముందు చేయవలసిన పనులు వరుసగా చెప్పెదము. మొదటిది పాస్‌పోర్టు. అందు ఆరు నెలలకు తక్కువగాని గడువును, ఖాళీ పుటలును ఉండవలెను. టిక్కెట్టుపై పేరు పాస్‌పోర్టునందున్నట్లే, అక్షరము తప్పక యుండవలెను. మన తెలుగువారికి ఇచట ఒక చిక్కు కలదు. పాఠశాల పత్రములలో ఇంటిపేరు ఒక్క అక్షరముగా నుండును. పాస్‌పోర్టున పూర్తిగా విప్పి వ్రాయబడును. కళాశాల ప్రవేశపత్రమున మరియొక తీరుగా నుండవచ్చును. మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచి, తేడా యున్నచో టిక్కెట్టునకు ముందే సవరించుకొనవలెను.

రెండవది వీసా. చైనా రాయబార కార్యాలయము న్యూఢిల్లీలోను, కాన్సులేటులు ముంబై, కోల్‌కతాలలోను ఉన్నవి. దీర్ఘకాలము చదువబోవువారు ప్రవేశపత్రమును, విదేశవిద్యార్థులకై జారీచేయు అనుమతిపత్రమును చూపి ఎక్స్-1 అను వీసా పొందవలెను. అది చేత పడకముందే, సొమ్ము వాపసు రాని టిక్కెట్టు కొనుట జూదమువంటిది. మధ్య దిగు దేశపు నియమమును కూడ ఆ దేశ ప్రభుత్వ ప్రకటనయందే చూచుకొనవలెను. ప్రక్కయింటివారి అనుభవము నిరుటిది కావచ్చును. ఏజెంటు ద్వారా కొనువారు టిక్కెట్టు సంఖ్యను, బుకింగు సంఖ్యను అడిగి తీసికొని, విమానసంస్థవారి వద్ద స్వయముగా సరిచూడవలెను. స్థలము పట్టియుంచుట వేరు, టిక్కెట్టు జారీయగుట వేరు.

మూడవది తేదీ. చైనీయుల వసంతోత్సవము జనవరి 21కిని ఫిబ్రవరి 20కిని నడుమ వచ్చును. అపుడు దేశమంతయు ఇంటిదారి పట్టును. అక్టోబరు 1 జాతీయ దినము మొదలు వారము దినములును అట్టివే. గ్వాంగ్‌జౌలో ఏటేట వసంతమున, శరత్తున జరుగు గొప్ప వాణిజ్య ప్రదర్శన దినములలో బసలును ప్రియమగును. సెప్టెంబరులో తరగతులు మొదలగును గనుక ఆగస్టు చివర విద్యార్థుల ఒత్తిడి హెచ్చు. ఈ దినములకు నాలుగైదు రోజులు ముందో వెనుకో జరుపుకొనగలిగినచో కొంత సొమ్ము నిలుచును.

నాలుగవది దిగు నగరము. కావలసిన నగరముననే దిగవలెనను నియమము లేదు. చైనాలో వేగపు రైళ్లు విరివిగా గలవు. 2011లో ప్రారంభమైన బీజింగు షాంఘై మార్గము 1,318 కిలోమీటర్లు. దానిని నాలుగున్నర గంటలలో దాటు రైళ్లు కలవు. ఒక నగరమునకు టిక్కెట్టు ప్రియమైనచో, వేరొక నగరమున దిగి రైలు నెక్కుట లాభమేమో లెక్కింపవలెను. అయితే ఒకే నగరమున రెండు విమానాశ్రయము లుండుట మరువరాదు. షాంఘైకి పూడాంగు, హోంగ్‌చావో యనునవి రెండు. బీజింగునకు పాతదియు, 2019లో తెరచిన డాషింగు అనునదియు రెండు. ఒకదానిలో దిగి మరియొకదానిలో ఎక్కవలసిన టిక్కెట్టు కొన్నచో నగర మంతయు దాటవలసియుండును.

ఇక మన యింటినుండి బయలుదేరు విషయము. 2018 సెప్టెంబరు 24న అమీరుపేటనుండి ఎల్.బి.నగరువరకు మెట్రో రైలు నడువ నారంభించినది గాని, ఆ మార్గము శంషాబాదునకు పోదు. 2008లో బేగంపేటనుండి శంషాబాదునకు మారిన విమానాశ్రయము ఎల్.బి.నగరునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. ఆర్.టి.సి. వారి పుష్పక్ బస్సు టాక్సీకంటె చౌక. దాని వేళను ముందునాడే విచారింపవలెను. విదేశ విమానములు పెక్కు అర్ధరాత్రివేళ బయలుదేరును. మూడు గంటలు ముందుగా చేరవలెను. పదిమంది సాగనంపుటకు రెండు కార్లు కట్టుట వేడుకయే గాని, ఆ సొమ్ము పిల్లవాని చేతి ఖర్చునకు ఇచ్చుట మేలు.

సామానును ఇంటివద్దనే తూచవలెను. కొన్ని సంస్థలు విద్యార్థులకు అదనపు బరువు అనుమతించును, అడిగినగాని ఇయ్యరు. ఆవకాయ జాడీ, పచ్చళ్లు, పొడులు మొదలగువాని విషయమున ఆ దేశపు సుంకపు నియమములు ముందు చూడవలెను. సెల్‌ఫోనునకు విద్యుత్తు నందించు పవర్ బ్యాంకును పెట్టెలో నుంచరాదు, చేతిసంచిలోనే యుండవలెను. చైనాలోపలి విమానములలో, ఆ దేశపు 3సి ముద్ర లేని పవర్ బ్యాంకులను 2025 జూన్ 28నుండి నిషేధించిరి. షాంఘైనుండి లోపలి ఊరికి మరల విమానము నెక్కువారు దీనిని గమనింపవలెను.

చైనా గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందు. రాత్రి 11 గంటలకు బయలుదేరి, మొత్తము పది గంటలు ప్రయాణము చేసినవాడు మన లెక్కను ఉదయము 9 గంటలకును, అక్కడి లెక్కను 11 గంటల 30 నిమిషములకును చేరును. పగటివేళ చేరు విమానమునకు రెండు వందలు ఎక్కువైనను మేలే. అర్ధరాత్రి చేరినచో అక్కడి మెట్రో నిలిచిపోయి టాక్సీకి అంతకుమించి అగును. హోటలున కాక వేరొకచోట దిగినవారు 24 గంటలలో పోలీసు నమోదు చేయించుకొనవలెను. ఎక్స్-1 వీసావారు 30 దినములలో నివాసానుమతికి దరఖాస్తు పెట్టవలెను. మనకు అలవాటైన వాట్సాపు అక్కడ సాధారణముగా పనిచేయదు. వార్త యెట్లు తెలుపవలెనో ముందుగా నిర్ణయించుకొననిచో, బిడ్డ క్షేమముగా చేరియుండియు తల్లి రాత్రంతయు మేలుకొనియుండును.

గోపురము కట్టబూనినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనను సువార్తలోని ఉపమానము మన పాఠశాలలో ఎల్లరును ఎరిగినదే. దానిని ఇచట ఆచరణలో పెట్టవచ్చును. విద్యార్థులారా, మీ యింట ఎవరైన దూరప్రయాణమునకు సిద్ధమగునపుడు ఒక కాగితముపై గీతలు గీచి, టిక్కెట్టు, సామాను, వీసా, దారి బస, భోజనము, ఇటు బండి, అటు బండి అని పేర్లు వ్రాసి, ప్రతి త్రోవకును ఆ వరుసలు నింపి కూడుడు. అన్నిటి క్రింద, అనుకోని ఆలస్యమునకై కొంత సొమ్మును తప్పక చేర్చుడు. ఆ కాగితమును పెద్దలకు చూపినపిమ్మటనే టిక్కెట్టు కొనవలెను. కూడికలు నేర్చిన బాలుడెవ్వడైనను ఈ పని చేయగలడు. తండ్రి కష్టార్జితమును కాపాడుటలో అది చిన్న సాయము కాదు.