బొమ్మల గళ్ళలో వ్యాకరణం

వ్యాకరణం అనగానే మీలో చాలామందికి ఆవులింత వస్తుంది. బొమ్మల కథ అనగానే ఆ ఆవులింత కాస్తా ఎగిరిపోతుంది. ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం ఉందంటే నమ్ముతారా? సైన్సు మాస్టారికి వ్యాకరణంతో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. మెదడులో పుట్టే విద్యుత్తు సంగతి కూడా ఇందులో ఉంది. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ముందు ఒక చిన్న బొమ్మల కథ తయారు చేద్దాం. నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. బొమ్మలు బాగా రాకపోయినా ఫరవాలేదు. గుండ్రటి తల, పుల్లల్లాంటి కాళ్ళు, చేతులు చాలు. మొదటి గడిలో రంగడు మామిడిచెట్టు ఎక్కుతున్నాడు. రెండో గడిలో కాయ కోస్తున్నాడు. మూడో గడిలో కొమ్మ ఫెళ్ళున విరిగింది. నాలుగో గడిలో రంగడు నేలమీద పడి ఉన్నాడు. ఎదురుగా చేతికర్రతో తాత. రంగడి నోటి దగ్గర ఒక బుడగ గీసి, అందులో ఇలా రాయండి: "నేను కొమ్మను మళ్ళీ అతికిస్తాను తాతా!"

ఇప్పుడు మొదటి రెండు గళ్ళు చూడండి. "రంగడు చెట్టెక్కాడు. రంగడు కాయ కోశాడు." ఇలా ఎవరూ మాట్లాడరు. "రంగడు చెట్టెక్కి కాయ కోశాడు" అంటాం. రెండు గళ్ళ మధ్య ఉన్న ఖాళీ జాగాను "ఎక్కి" అనే మాట పూడ్చింది. ముందు ఒక పని అయిపోయింది, తరువాత రెండో పని జరిగింది. మీ తెలుగు మాస్టారు దీన్నే క్త్వార్థకం అంటారు. పేరు నోరు తిరగకపోయినా పని మాత్రం మీరు మూడేళ్ళ వయసు నుంచీ చేస్తున్నదే.

మరి "రంగడు చెట్టెక్కుతూ పాట పాడాడు" అన్న వాక్యానికి ఎన్ని గళ్ళు కావాలి? ఒక్కటే చాలు. రెండు పనులూ ఒకే సమయంలో జరుగుతున్నాయి కదా! ఇది శత్రర్థకం. "చెట్టెక్కితే కాయ దొరుకుతుంది" అన్న వాక్యాన్ని గీయమంటే మాత్రం మా తొమ్మిదో తరగతి పిల్లలు పెన్సిళ్ళు కొరుకుతూ కూర్చున్నారు. రంగడు ఇంకా చెట్టు ఎక్కనే లేదు, కాయ చేతికి రానే లేదు. జరగని దాన్ని గీయడం ఎలా? చివరికి ఒక అమ్మాయి రంగడిని చెట్టు కింద నిలబెట్టి, తల పైన మేఘం లాంటి బుడగ గీసి, ఆ మేఘంలో చెట్టునూ కాయనూ పెట్టింది. చేదర్థకం అంటే ఏమిటో ఆ మేఘం చెప్పినంత తేటగా నేను నల్లబల్ల మీద ఎన్నడూ చెప్పలేను.

బడికీ బొమ్మల కథకూ ఉన్న స్నేహం కొత్తదేమీ కాదు. స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో రొడాల్ఫ్ టోప్ఫర్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. 1827లో ఆయన గళ్ళుగళ్ళుగా హాస్య కథలు గీయడం మొదలుపెట్టాడు. అయితే ఆయన బొమ్మల్లో మాటల బుడగలు లేవు. చెప్పవలసిందంతా బొమ్మ కింద రాసేవాడు. బుడగ వాడుక తరువాతి కాలంలో బాగా వ్యాపించింది.

ఆ బుడగే మనకు ఇప్పుడు కావలసింది. బుడగలో ఉన్నది రంగడు స్వయంగా అన్న మాట. దాన్ని బుడగలోనుంచి తీసి, గడి కింద కథ చెప్పేవాడి మాటగా రాయండి. "తాను కొమ్మను మళ్ళీ అతికిస్తానని రంగడు తాతతో అన్నాడు." పరీక్షలో ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంగా మార్చమని అడిగేది ఇదే. ఏం మారిందో గమనించారా? "నేను" అన్నది "తాను" అయింది. "అతికిస్తాను" మాత్రం మారలేదు, "అని"తో కలిసి "అతికిస్తానని" అయింది, అంతే. దాన్ని "అతికిస్తాడని" చేశారో, కొమ్మను అతికించే పని ఇంకెవరి నెత్తినో పడుతుంది! ఇంగ్లీషులో అలా కాదు. "ఐ విల్" అన్నది "హీ వుడ్" అవుతుంది. సర్వనామమూ మారుతుంది, క్రియ కాలమూ మారుతుంది. తెలుగు పద్ధతి ఇంగ్లీషుకూ, ఇంగ్లీషు పద్ధతి తెలుగుకూ అంటగట్టడం వల్లనే పరీక్షల్లో చాలా మార్కులు పోతున్నాయి.

ఇక మెదడు సంగతికి వద్దాం. "అమ్మ వేడి వేడి అన్నంలో చెప్పులు వేసి కలిపింది." ఇది చదవగానే "చెప్పులు" దగ్గర మీరు ఉలిక్కిపడ్డారు కదూ? 1980లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్తా కుటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ అనే శాస్త్రజ్ఞులు ఇటువంటి ఉలికిపాటును కొలిచారు. తలమీద ఎలక్ట్రోడులు అమర్చి, వాక్యాలను ఒక్కొక్క మాటగా చూపించారు. పొసగని మాట కనిపించిన సుమారు 400 మిల్లీసెకన్లకు, అంటే అర సెకను కూడా గడవకముందే, విద్యుత్ పొటెన్షియల్ ఋణ దిశకు మళ్ళింది. అందుకే దానికి ఎన్ 400 అని పేరు. 2012లో నీల్ కోన్, ఆయన సహచరులు ఇదే పరీక్షను బొమ్మల కథలతో చేశారు. ఛార్లెస్ షుల్జ్ గీసిన "పీనట్స్" గళ్ళను తీసుకుని, కొన్నిసార్లు సరైన వరుసలోనూ, కొన్నిసార్లు కలగాపులగం చేసీ చూపించారు. వరుస చెడిన గళ్ళ దగ్గర ఆ తరంగం మరింత పెద్దదయింది. మాటల వరుసను అర్థం చేసుకునేటప్పుడు కనిపించిన తరంగమే బొమ్మల వరుస దగ్గరా కనిపించిందన్నమాట. నా మట్టుకు నాకు ఇది చాలా ముచ్చటైన ప్రయోగం.

ఇప్పుడు కంప్యూటర్లోనూ, ఫోనులోనూ ఇటువంటి అభ్యాసాలు దొరుకుతున్నాయి. తారుమారైన గళ్ళను వరుసలో పెట్టాలి. ఖాళీ బుడగల్లో వాక్యాలు నింపాలి. తప్పయితే వెంటనే తెలుస్తుంది. నలభై నోటుపుస్తకాలు దిద్ది తెచ్చే మాస్టారి కోసం రెండు రోజులు ఆగనక్కరలేదు. పైగా ఊరికే చదువుకుంటూ పోవడం కన్నా తనను తాను పరీక్షించుకోవడం మేలు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే శాస్త్రజ్ఞులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్ళీ చదివారు. కొందరు పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత చూస్తే మళ్ళీ చదివినవారే ముందున్నారు. వారం తరువాత మాత్రం చదివినవారికి 42 శాతం గుర్తుంటే, రాసినవారికి 56 శాతం గుర్తుంది.

కానీ కంప్యూటరు ఇచ్చే తీర్పును కళ్ళు మూసుకుని నమ్మకండి. మామూలు అభ్యాసాల్లో అది మీ వాక్యాన్ని ముందుగా తనలో దాచి ఉంచిన జవాబుతో పోల్చి చూస్తుంది. "అతికిస్తానని" అని దాచి ఉంచితే, మీరు "అతికిస్తాను అని" రాసినప్పుడు తప్పు అనవచ్చు. రెండూ సరైనవే! మన మూడో గడినీ నాలుగో గడినీ కలపండి: "కొమ్మ విరిగి రంగడు కింద పడ్డాడు." విరిగింది కొమ్మ, పడింది రంగడు. "క్త్వార్థకంలో కర్త ఒక్కరే ఉండాలి" అన్న సూత్రం ఒక్కటే నేర్చిన యంత్రం దీన్ని కొట్టివేస్తుంది. సాధారణంగా ఆ సూత్రం నిజమే. "తాత వచ్చి రంగడు ఏడ్చాడు" అంటే చెవికి ఇంపుగా లేదు. కాని మొదటిది రెండోదానికి కారణమైనప్పుడు తెలుగు ఒప్పుకుంటుంది. "వానలు కురిసి చెరువులు నిండాయి" అని మనం అనమా?

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మీ ఇంట్లో "వచ్చిండు" అనవచ్చు, "వచ్చినాడు" అనవచ్చు, "వచ్చాడు" అనవచ్చు. యంత్రానికి ఒక్కటే తెలిస్తే మిగతావి రాసిన పిల్లవాడు తన ఇంటి మాటే తప్పు అనుకుంటాడు. అలా అనుకుని క్లాసులో నోరు విప్పడం మానేసిన పిల్లలు నాకు తెలుసు. బొమ్మల కథలో ఈ చిక్కు లేదు. బుడగలో రంగడు వాళ్ళ ఊళ్ళో ఎలా మాట్లాడతాడో అలాగే రాయండి. అక్కడ అదే ఒప్పు. గడి కింద పాఠ్యపుస్తకం భాష రాయండి. ఒకే గడిలో రెండు భాషలకూ చోటుంది. రెండింటి మధ్య అటూ ఇటూ నడవడమే అసలైన అభ్యాసం. యంత్రం కొట్టేసిన వాక్యాలను ఒక కాగితం మీద రాసుకుని మీ తెలుగు మాస్టారికి చూపించండి.

చివరగా మీకు ఒక లెక్క. ఈ రెండు వాక్యాలకు బొమ్మలు గీయండి.

"తాత పిలిస్తే రంగడు పలుకుతాడు."

"తాత పిలిస్తే రంగడు పలకలేదు."

రెండింటిలోనూ "పిలిస్తే" ఉంది. మేఘం బుడగ ఏ వాక్యానికి కావాలి? రెండోదానికి ఎందుకు అక్కరలేదు?