తాళంచెవి ఒక్కరి చేతిలోనేనా?

2022 జూలైలో గుజరాత్‌లోని బోటాద్ ప్రాంతంలో కల్తీ సారా తాగి 40 మందికి పైగా చనిపోయారు. నిజానికి వారు తాగినది మిథనాల్ అనే ఫ్యాక్టరీ రసాయనం. అహ్మదాబాద్ గోడౌన్ నుండి సుమారు 600 లీటర్లు దొంగిలించి అమ్మినది అక్కడి మేనేజరేనని పోలీసులు చెప్పారు. అంటే కాపలా కాయవలసిన మనిషే.

ఇటువంటిది జరగకూడదనే ఆసుపత్రిలో మార్ఫిన్‌ను రెండు తాళాల బీరువాలో పెడతాము. డ్యూటీ మారినప్పుడల్లా ఇద్దరు నర్సులు లెక్క చూసి సంతకం చేస్తారు. ఇది ఎవరినో అనుమానించి కాదు, లెక్క ఒక్కరి చేతిలో ఉంటే తేడా బయటపడదు. మీ ఇంట్లో ఎవరైనా రసాయనాల గోడౌన్‌లో గాని, ట్యాంకరు మీద గాని పనిచేస్తుంటే, కొలతకు రెండవ మనిషిని, రెండవ సంతకాన్ని అడగమనండి. తక్కువ వస్తే ఆ రోజే రిజిస్టరులో రాయించమనండి.

మిథనాల్ తాగిన వెంటనే మామూలు మత్తులాగే ఉంటుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. సాధారణంగా 12 నుండి 24 గంటల తరువాత తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, చూపు మసకబారడం మొదలవుతాయి. "ఇంకా దిగలేదు, పడుకోనీ" అని వదిలేయకండి. మజ్జిగ, నిమ్మరసం దీనికి విరుగుడు కావు. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకురండి. ఏమి తాగారో దాచకుండా చెప్పండి. సకాలంలో విరుగుడు మందు, డయాలసిస్ అందితే ప్రాణం, చూపు దక్కే అవకాశం ఉంది. కలిసి తాగినవారు బాగానే ఉన్నామన్నా వారిని కూడా వెంట తీసుకురండి.