తప్పు పెరుగన్నానిది కాదమ్మా

చెల్లీ, బిడ్డకు జలుబు చేసిందంటే ఇంట్లో మొదటి మాట ఎవరిమీద పడుతుంది? నీమీదే కదూ! “పెరుగన్నం తిన్నావు, తలకు పోసుకుని తడిజుట్టుతో పాలిచ్చావు, అందుకే గుండెలో నెమ్ము చేరింది” అంటారు. నన్నూ అన్నారు. మా పెద్దాడికి అయిదో నెలలో దగ్గు ముదిరితే మూడు రోజులు ఏడుస్తూ ఉత్త చారన్నం తిన్నాను. వాడికేమీ తగ్గలేదు. రెండు గుక్కలు తాగి పాలు వదిలేసి రొప్పుతుంటే అప్పుడు పరిగెత్తాం ఆసుపత్రికి.

ఆ డాక్టరమ్మ ముందు స్టెతస్కోపు కూడా తీయలేదు. వాణ్ణి నా ఒళ్ళోనే ఉంచి, చొక్కా పైకెత్తి, చేతిగడియారం చూస్తూ నిండా ఒక నిమిషం అలాగే నిలబడింది. పొట్ట లేచినప్పుడల్లా ఒక లెక్క. 62 వచ్చింది. “చూడమ్మా, గాలి పీల్చినప్పుడల్లా డొక్కలు ఎలా లోపలికి పోతున్నాయో” అని నా వేలు పట్టుకుని అక్కడ ఆనించింది. తర్వాత అడిగింది: నీళ్ళు ఏ పొయ్యిమీద కాస్తారు, సాంబ్రాణి వేస్తారా, ఇంట్లో చుట్టా బీడీ కాల్చేవాళ్ళున్నారా, ముక్కులో నూనె చుక్కలు పోస్తారా అని. నేనేం తిన్నానని ఒక్కసారి కూడా అడగలేదు. ఆరోజు నా గుండెమీంచి దిగిన బరువు నీకెలా చెప్పను!

నెమ్ము అంటే న్యుమోనియానే. ఊపిరితిత్తుల్లో గాలి నిండాల్సిన చిన్నచిన్న తిత్తుల్లో చీము, నీరు చేరడం. దానికి మూలం చాలావరకు క్రిములే. న్యుమోకాకస్ అనే బాక్టీరియా ఏ జబ్బూ లేనివాళ్ళ ముక్కులో, గొంతులో కూడా ఊరికే కాపురం ఉంటుంది. మామూలు జలుబో, ఫ్లూనో, తట్టో వచ్చి లోపలి కాపలా సడలితే కిందికి దిగుతుంది. ఆర్‌ఎస్‌వీ లాంటి వైరస్‌లైతే తామే ఆ పని చేస్తాయి. చలికాలంలో ఎక్కువగా కనిపించేదీ అందుకే. తలుపులు బిగించుకుని అందరం ఒకే గదిలో పడుకుంటాం, ఒకరి దగ్గు ఇంకొకరికి అంటుకుంటుంది.

ఇక పొగ సంగతి. మన ఊపిరి గొట్టాల లోపల కంటికి కనబడని సన్నటి నూగు ఉంటుంది. లోపలికొచ్చిన దుమ్మునీ క్రిములనీ అది పైకి ఊడ్చేస్తూ ఉంటుంది. పొగ తగిలితే ఆ ఊడ్పు మందగిస్తుంది. స్నానం కాగానే తలుపులు మూసి, నిప్పులమీద సాంబ్రాణి చల్లి, బుట్ట బోర్లించి దానిమీద పసిబిడ్డను పడుకోబెడతామే, ఎంత ప్రేమతో చేస్తామో నాకు తెలుసు. ఆ ప్రేమకు వేరే దారి చూద్దాం. మెత్తటి గుడ్డతో ఒళ్ళు తుడిచి గుండెకు హత్తుకో, చాలు. ముక్కులో ఆముదం పొయ్యొద్దని మాత్రం చేతులు పట్టుకుని చెబుతున్నాను. నూనె గొంతులోకే పోతుందని నమ్మకం లేదు. ఊపిరితిత్తుల్లోకి జారిందంటే దానివల్ల వచ్చే నెమ్ము తొందరగా వదలదు. ఏడ్చే బిడ్డ ముక్కు మూసి ఉగ్గు పట్టడమూ అంతే ప్రమాదం.

నెలలు నిండక, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు, తిండి చాలని పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ. మొదటి ఆరునెలలూ తల్లిపాలే వాళ్ళ కవచం. ఆ పాలిచ్చే తల్లినే పెరుగు తిన్నావని దోషిని చేస్తున్నాం చూడు! టీకాలు తప్పించకు. న్యుమోకాకస్‌కు అడ్డుపడే పీసీవీ టీకా ఆరో వారంలో, 14వ వారంలో, తొమ్మిదో నెలలో. 2021 నుంచి దేశమంతటా ఉచితంగానే వేస్తున్నారు. పెంటావలెంట్, తట్టు టీకాలు కూడా ఈ జబ్బుకు అడ్డుకట్టలే.

గడియారం ఎదురుగా పెట్టుకుని, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండా నిమిషం ఊపిరి లెక్కపెట్టు. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్ళలోపు 40. అంతకు తగ్గకుండా ఉందంటే అదేరోజు డాక్టరుకి చూపించు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, పెదాలు నీలంగా మారినా గంట కూడా ఆగొద్దు.

అప్పుడు పెరుగన్నం మాట అన్నది మా అత్తగారే. పోయినేడు ఆవిడకు పక్షవాతం వచ్చింది. పెద్దవాళ్ళకూ నెమ్ము ముప్పే, షుగరు ఉన్నా పొగ అలవాటున్నా ఇంకా ఎక్కువ. పక్షవాతం వచ్చినవాళ్ళకైతే మింగడం తడబడి మెతుకూ నీళ్ళూ ఊపిరి దారిలోకి పోతాయి. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతాం కదా! ఆవిడకు పొలమారితే నేనిప్పుడు గిన్నె పక్కన పెట్టి, దగ్గు తెమిలేదాకా ఆగుతాను. వీపుకు రెండు దిండ్లు వేసి నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా పిసికిన పెరుగన్నం చెంచాడు చెంచాడు పెడతాను. తిన్నాక అరగంట పడుకోనివ్వను. ఆ అరగంటా మనవడి కబుర్లు చెప్పమంటుంది.