పదహారు గడుల్లో ఒదగని డప్పు

ప్రశ్న: డ్రమ్ మెషీన్‌లో అడుగుకు మూడు దెబ్బల డప్పు దరువు ఎక్కిస్తున్నాను. టెంపో 120 పెట్టినా ఆట కుదరడం లేదు. లోపం ఎక్కడ? – ఒక పాఠకుడు, స్టేషన్ ఘనపూర్

జవాబు: లోపం వేగంలో లేదు, గడుల లెక్కలో ఉంది. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 నుంచి ఇలాంటి చాలా మెషీన్లలో పదహారు బటన్ల వరుసే వాడుకలో ఉంది. అది ఒక్కో అడుగును నాలుగు ముక్కలు చేస్తుంది. 120 టెంపోలో అడుగుకు 500 మిల్లీసెకన్లు. మీ రెండో, మూడో దెబ్బలు 167, 333 దగ్గర పడాలి; మెషీన్ ఇచ్చే చోట్లు 125, 250, 375. ఆ తేడా చెవికి తెలుస్తుంది, కాలికి ఇంకా బాగా తెలుస్తుంది. అందుకే స్కేల్‌ను ట్రిప్లెట్‌కు మార్చి, చివరి స్టెప్‌ను 12గా పెట్టండి. ట్రిప్లెట్ లేకపోతే 12 స్టెప్పులే ఉంచి టెంపోను 90కి దించండి. గడి నిడివి సరిగ్గా 167 అవుతుంది.

స్వింగ్ తిప్పితే చాలదా అని అడగవచ్చు. స్వింగ్ సరిసంఖ్య గడులనే వెనక్కి నెడుతుంది. 66 దగ్గర రెండో గడి దాదాపు 167కి చేరినా, మూడోది 250 దగ్గరే ఉండిపోతుంది. 333 దగ్గర ఏదీ పడదు. చేత్తో వాయించి రికార్డు చేసినా, క్వాంటైజ్ పదహారు మీదుంటే దెబ్బల్ని మళ్లీ తప్పు గడుల్లోకే లాగుతుంది. లెక్క కుదిరాకే యాక్సెంట్ పని: లావాటి చిర్ర దెబ్బలకు పెంచండి, సన్నటి చిటికెన పుల్ల దెబ్బలకు తగ్గించండి. అన్నీ ఒకే బలంతో మోగితే సరైన లెక్క కూడా యంత్రంలాగే వినిపిస్తుంది.