ముందు ‘షేన్’ చూపించు



‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ అనే కౌబాయ్ సినిమా పెడితే మీ చిన్నోడు పావుగంటకే లేచిపోయాడని ఫోన్లో తెగ బాధపడ్డావు. లేచిపోక ఏం చేస్తాడు? మొదటి పది నిమిషాలు ఒక్క మాట వినపడదు. మొత్తం చూడాలంటే మూడు గంటలకు దగ్గర. హాల్లో ఈలలేస్తూ చూసిన మనకు అది ముద్దు. పదేళ్లవాడికి నీ జ్ఞాపకాలతో పనేముంది? వాడు దూరడానికి సందున్న సినిమా వెతకాలి.

అందుకే ముందు ‘షేన్’ చూపించు. 1953లో జార్జ్ స్టీవెన్స్ తీశాడు. సగానికి సగం జోయీ అనే పిల్లవాడి కళ్లతోనే చూస్తాం. ఎక్కడి నుంచో గుర్రమెక్కి వచ్చిన మనిషి వాడికి దేవుడిలా కనపడతాడు. కన్నతండ్రేమో పొద్దస్తమానం చాకిరీ చేసుకునే మామూలు రైతు. ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చుకోలేక వాడు పడే అవస్థ నీ కొడుక్కి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. నువ్వు పక్కన కూర్చుని వ్యాఖ్యానం మాత్రం మొదలుపెట్టకు, నీకా అలవాటుంది.

గొడవ కూడా మనకు తెలిసిందే, పొలం గొడవ. అమెరికాలో 1862 నాటి చట్టం కింద కుటుంబానికి 160 ఎకరాల దాకా పొంది సాగు చేసుకునే రైతులు ఒకవైపు, ముందుగా వచ్చి మందలు మేపుకుంటూ నేలంతా తనదేననుకున్న ఆసామి ఇంకోవైపు. ఆసామి మాటలోనూ కొంత న్యాయముందని సినిమా దాచదు. అప్పుడు చిన్నోడు, ‘వీళ్లిద్దరికంటే ముందు ఆ నేల ఎవరిది?’ అని అడగొచ్చు. అడిగితే సినిమా ఆపి చెప్పు. అక్కడి మూలవాసులదని, వాళ్లను తరిమి తీసుకున్నారని ఉన్నదున్నట్టు చెప్పు.

ఇంకో సంగతి. మీ టెక్సాస్ బళ్లలో, తుపాకి పట్టుకుని ఎవడైనా వస్తే ఎలా దాక్కోవాలో పిల్లలకు నేర్పిస్తారన్నావు. అలాంటి పిల్లవాడికి కాల్పుల సినిమా ఏమిటని కోడలు జంకడం సబబే. కానీ స్టీవెన్స్ సంగతి ఆమెకు చెప్పు. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున కెమెరా పట్టి, 1945లో నాజీల డాహౌ నిర్బంధ శిబిరాన్ని చిత్రించిన మనిషి. అందుకే ‘షేన్’లో తుపాకి ఊరికే పేలదు. పేలినప్పుడు గుండె అదురుతుంది, చప్పుడును కావాలనే అంత పెంచాడు. గుండు తగిలినవాణ్ణి తీగలతో వెనక్కి గుంజి బురదలో పడేయించాడు. చూస్తే ఎవరికీ చప్పట్లు కొట్టాలనిపించదు. అక్కడ రిమోట్ జోలికి పోకు.

పద్నాలుగేళ్ల అమ్మాయికి జంట సినిమాలు పెట్టు. ‘హై నూన్’ (1952) గంటన్నర కూడా ఉండదు. నలుగురు హంతకులు తన మీదికి వస్తుంటే ఊరి మార్షల్ ఊరంతా తిరిగి సాయమడుగుతాడు, ఒక్కడూ కదలడు. ఆ సినిమా దర్శకుడు హోవార్డ్ హాక్స్‌కీ నటుడు జాన్ వేన్‌కీ గిట్టలేదు. మార్షల్ అన్నవాడు ఊరి మీద పడి అడుక్కుంటాడా అని, జవాబుగా 1959లో ‘రియో బ్రావో’ తీశారు. రెండూ చూశాక ఎవరిది రైటో అమ్మాయినే తేల్చమను. నా ఓటు ‘హై నూన్’కే, కానీ ఆమెకు ముందే చెప్పకు.

‘ది సెర్చర్స్’ (1956) మరో రెండేళ్లాగాక. జాన్ ఫోర్డ్ నవాహో జాతి నేల మాన్యుమెంట్ వ్యాలీలో కెమెరా పెట్టి, ఆ నవాహోల చేతనే కొమాంచీలనే మరో జాతి వేషం వేయించాడు. కొమాంచీ నాయకుడి వేషం మాత్రం జర్మనీలో పుట్టిన తెల్లవాడికిచ్చాడు! కొమాంచీల మీద కథానాయకుడి ద్వేషం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. గొప్ప సినిమానే. తప్పులు పట్టగల వయసొచ్చాకే చూడాలి.

కౌబాయ్‌లు తెలుగులోనూ ఉన్నారు. మన బుర్రిపాలెం హీరో కృష్ణ 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ తీసి రాజస్థాన్ ఇసుకలో గుర్రాలు పరిగెత్తించాడు. 2002లో కొడుకు మహేష్ ‘టక్కరి దొంగ’లో కౌబాయ్ టోపీ పెట్టుకుంటే తండ్రి కాసేపు కనపడి వెళ్లాడు. మీ ఇంట్లోనూ ఆ ‘కాసేపు’ చాలు. ఆదివారానికో సినిమా అని పట్టిక వేయకు.

ఇన్ని చేసినా చిన్నోడికి గుర్రాలు రుచించకపోతే వదిలెయ్. వాడు చూసే జపాను బొమ్మల కథ ఒకటి నువ్వూ పూర్తిగా చూడు. తర్వాతెప్పుడైనా జపాను దర్శకుడు కురొసావా ‘సెవెన్ సమురాయ్’ (1954) వైపు నడిపించు. ఆ ఏడుగురే 1960లో కత్తులు వదిలి తుపాకులు పట్టి ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’ అయ్యారని వాడే కనిపెడతాడేమో చూద్దాం.

సంక్రాంతికి వస్తారుగా. అమ్మాయి తీర్పేమిటో ఈలోగా ఫోన్లో చెప్పించు.

మీ పెదనాన్న,
తెనాలి