సర్వాంగ కవచము
(పురుగుమందు చల్లువారికిని, చల్లించువారికిని ఒక పాఠము)



పత్తి, మిరప చేలలో పురుగు కనబడగానే పంపు భుజమునకెత్తుకొనువారు మన సంఘములలో అనేకులు కలరు. కొందరు తమ సొంత చేనికి చల్లుదురు. మరికొందరు కూలికి చల్లుదురు. వారిలో చాలమంది ధరించునది ఒక పాత చొక్కా, మోకాళ్ల పైకి మడిచిన లుంగీ, ముక్కునకు అడ్డముగా కట్టిన తువ్వాలు. కాళ్లకు చెప్పులు సహితము ఉండవు. ముక్కు, నోరు మూసికొంటిమి గనుక విషము మనలోనికి రాదని వారి నమ్మకము. ఈ నమ్మకము ఎంతవరకు నిజమో ఈ పాఠములో విచారింతము.

1. విషము ఏ త్రోవన వచ్చును?

మందు మనిషిలోనికి మూడు త్రోవల ప్రవేశించును: నోటి ద్వారా, ఊపిరి ద్వారా, చర్మము ద్వారా. చేలో మందు చల్లువానికి వీటిలో అతి పెద్ద ద్వారము చర్మమే. చర్మముపై పడిన మందు మంట పుట్టింపకపోవచ్చును, మచ్చ వేయకపోవచ్చును. అయినను అది మెల్లగా లోనికి ఇంకి రక్తములో కలియును.

చర్మమంతయు ఒకే విధముగా పీల్చుకొనదు. అమెరికా దేశపు వైద్యుడు మైబాక్, ఆయన తోటివారు పారథియాన్ అను పురుగుమందును మనుష్యుల దేహముపై వేర్వేరు చోట్ల పూసి పరీక్షించి, 1971లో ఫలితములు ప్రకటించిరి. ముంజేతిపై పూసినప్పుడు లోనికి పోయినది నూటికి సుమారు 9 వంతులు. అరచేతిలో 12, పొట్టపై 18, నుదుట 36. వృషణముల చర్మముపై పూసినది దాదాపు అంతయు లోనికి పోయెను.

ఇప్పుడు ఆలోచించుడి. పంపు కారి వీపు తడియుచున్నది. తడిసిన ఆకులు తగిలి లుంగీ, గజ్జలు తడియుచున్నవి. ముక్కునకు మాత్రము తువ్వాలు ఉన్నది. ఇట్టివాడు వీధి తలుపునకు గడియ పెట్టి పెరటి తలుపు తెరిచియుంచినవాని వంటివాడు. ఆ తువ్వాలైనను తుంపరలలో కొన్నిటిని ఆపునే గాని మందు ఆవిరిని ఆపజాలదు. తడిసిన పిమ్మట అదే విషమును మూతికి హత్తి యుంచును.

“ఇన్నేండ్లుగా చల్లుచున్నాను, నాకేమియు కాలేదు” అనువారు కలరు. ఆర్గానోఫాస్ఫేటు జాతి మందులు నరములు సరిగా పనిచేయుటకు అవసరమైన ఒక పదార్థమును మన దేహములో చెరుపును. అది మరల పూర్తిగా ఊరుటకు వారములు పట్టును. ఈలోగా ప్రతి దినము చల్లినయెడల నిన్నటి హాని నేటి హానితో కూడును. కాబట్టి పది దినములు ఏమియు కానివాడు పదునొకండవ దినమున చేలో కూలిపోవచ్చును. దీనిని అలవాటు అనరాదు, అప్పు అనవలెను.

2. విడిచిన చోటనే దెబ్బ తగులును

పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో విశ్వాసి ధరించవలసిన సర్వాంగ కవచమును వర్ణించెను. దట్టి, మైమరువు, జోడు, డాలు, శిరస్త్రాణము అని ఒక్కొక్కటిగా చెప్పెను. ఆయన చెప్పినది ఆత్మసంబంధమైన పోరాటము. అయినను “సర్వాంగ” అను మాట చేనికిని పాఠమే. ఒక్క అంగమును కప్పి తక్కినవి విడిచినది కవచము కాదు.

మన దేశపు చట్టమును ఇట్లే చెప్పుచున్నది. 1958లో కేరళలో పారథియాన్ ఆహారపదార్థములలో కలిసి నూరుమందికి పైగా మరణించిరి. అటుపిమ్మట 1968లో పురుగుమందుల చట్టము, 1971లో దాని నిబంధనలు వచ్చెను. మందు తయారుచేయువారే గాక చల్లువారును తగిన దుస్తులతో రక్షింపబడవలెనని ఆ నిబంధనలు చెప్పుచున్నవి. ఒంటినంతయు కప్పు పై వస్త్రము, తలకు టోపీ, ముంజేతి సగమువరకు వచ్చు రబ్బరు తొడుగులు, కళ్లద్దములు, బూట్లు – ఇది ఆ నిబంధనలలోని పూర్తి జత. అవసరమైనచోట దీనితో కూడ ఊపిరికి మాస్కు ఉండవలెను.

ఈ జత లేకపోయిన ఏమగునో 2017లో చూచితిమి. ఆదిలాబాదు జిల్లాకు పొరుగుననున్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు చల్లిన రైతులు, కూలీలు వందలకొలది ఆసుపత్రుల పాలైరి. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. ఆ యేడు పత్తి మనిషి యెత్తున పెరిగెను. మందు తలపై, ముఖముపై పడెను. రెండు మూడు మందులు కలిపి చల్లినవారు కలరు. చాలమందికి రక్షణ దుస్తులు లేవు.

3. ధరించు విధము

అన్నిటికంటె అపాయకరమైన గడియ మందు కలుపు గడియ. డబ్బాలోనిది నీరు కలియని చిక్కని విషము. తొడుగులు, కళ్లద్దములు అప్పుడే వేసికొనవలెను. చేలోనికి దిగిన తరువాత కాదు. చేతితో కలియబెట్టరాదు, కఱ్ఱతో కలుపవలెను.

తొడుగులు రబ్బరువై యుండవలెను. గుడ్డ తొడుగు మందును పీల్చి చేతికి అంటించును. చేయి పైకెత్తి ఎత్తైన మొక్కలకు చల్లునప్పుడు తొడుగు చొక్కా చేతిపైకి రావలెను. చేయి దించి చల్లునప్పుడు చొక్కా చేయి తొడుగుపైకి రావలెను. ప్యాంటు ఎల్లప్పుడు బూటుపైనే ఉండవలెను, లేనియెడల కారిన మందు బూటులో నిలుచును. పని ముగియగానే తొడుగులను చేతికుండగానే సబ్బుతో కడిగి, పిమ్మట తీయవలెను.

“ఈ ఎండలో ఇవన్నియు వేసికొనిన ఉక్కతో పడిపోవుదుము” అందురేమో. ఈ మాట నిజమే. అందుచేతనే ఉదయము చల్లని వేళను, సాయంత్రమును చల్లవలెను, నడిమధ్యాహ్నము మానవలెను. గాలి ఎదురుగా కొట్టునప్పుడు చల్లరాదు. నాజిలు మూసికొనిపోయినచో నోటితో ఊదరాదు. పూర్తి జత దొరకనివాడు పొడుగుచేతుల చొక్కా, ప్యాంటు, టోపీ, రబ్బరు తొడుగులు, బూట్లతో మొదలుపెట్టి, పంపు కారి తడియకుండ వీపునకు ప్లాస్టికు పట్టా కట్టుకొనవచ్చును. ఇది పూర్తి కవచము కాదు గాని, లుంగీ తువ్వాళ్లకంటె ఎంతో మేలు.

మందు చల్లిన బట్టలను ఇంటిలో వేయరాదు. వాటిని ఉదుకు తల్లికి, భార్యకు ఆ విషము అంటును. ఆ బట్టలను వేరుగా ఉంచి, తొడుగులు వేసికొని, వేరుగానే ఉతుకవలెను. చల్లినవాడు స్నానము చేసిన తరువాతనే బిడ్డల నెత్తుకొనవలెను.

డబ్బాపై వజ్రాకారపు గుర్తు చూడుడి. దాని క్రింది సగమున ఎరుపు ఉన్న అత్యంత విషము, పసుపు ఉన్న అధిక విషము, నీలము ఉన్న మధ్యమ విషము, ఆకుపచ్చ ఉన్న స్వల్ప విషము. చదువురాని వాడును రంగు నెరుగగలడు.

చల్లుచుండగా తలనొప్పి, చూపు మసక, విపరీతమైన చెమట, నోట చొంగ, వాంతి, ఛాతీ బిగువు, కండరముల అదురు – వీటిలో ఏది కనబడినను పని ఆపవలెను. బట్టలు విప్పి, ఒళ్లు సబ్బునీళ్లతో కడిగి, 108 బండి పిలిచి ఆసుపత్రికి పోవలెను. మందు డబ్బాను, దానిలోని కాగితమును వైద్యునికి చూపవలెను. ఏ విషమో తెలిసిననే గదా విరుగుడు ఇయ్యగలడు.

4. ఈ కవచము ఎవరు కొనవలెను?

బెంగుళూరులోని ఇన్‌స్టెమ్ అను పరిశోధనశాల శాస్త్రజ్ఞులు, తనను తాకిన ఆర్గానోఫాస్ఫేటు విషమును విరుచు గుడ్డను కనిపెట్టిరి. దానితో కుట్టిన జత 2024 డిసెంబరులో “కిసాన్ కవచ్” అను పేరుతో విడుదలయ్యెను. దానిని ఉతికి మరల మరల వాడవచ్చును. విడుదలనాటి ధర సుమారు 4,000 రూపాయలు. దినకూలితో బ్రదుకువాడు ఇంత పెట్టి కొనగలడా? అతడు కొనలేడు గనుక లేకుండనే చేనిలో దిగుచున్నాడు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము తీసి చదువుడి. క్రొత్త యిల్లు కట్టువాడు మేడపైనుండి ఎవరును పడకుండ పిట్టగోడ కట్టవలెనని అక్కడ ఆజ్ఞ ఉన్నది. పైకెక్కినవాడు జాగ్రత్తగా ఉండవలెనని చెప్పి ఆ ఆజ్ఞ ఊరకుండలేదు. ఇల్లు ఎవనిదో గోడ కట్టు భారము వానిపై పెట్టెను. కట్టనియెడల రక్తదోషము ఆ యింటిమీదికే వచ్చునని హెచ్చరించెను.

చేను గలవాడా, నీ చేను నీ మేడ వంటిది. మందు డబ్బా కొనినప్పుడే తొడుగులు, బూట్లు, కళ్లద్దములును కొనుము. అది కూలివానికి చేయు ధర్మము కాదు, మందు ఖర్చులో భాగమే. కూలికి పోవువాడా, తొడుగులు అడుగుట పిరికితనము కాదు. నీ దేహమును ఆశించి ఇంటిలో నలుగురున్నారు. సంఘములో చేనుగలవారు, కూలివారు ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుచున్నారు. ఒక్కరికి సాధ్యము కానిచో సంఘమే రెండు జతలు కొని, అవసరమైనవారికి ఇచ్చి, కడిగించి తీసికొనవచ్చును.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన యింట మందు చల్లువారు ఏయే అంగములను కప్పుకొనుచున్నారు? వేటిని విడుచుచున్నారు?
2. ఆ బట్టలను ఎవరు ఉదుకుచున్నారు? ఎట్లు?
3. మన చేనిలో మరియొకడు మందు చల్లినయెడల వాని పిట్టగోడ మనము కట్టితిమా?