పోషక ద్రావణ తొట్టిలో హైడ్రోజన్ పెరాక్సైడ్: మోతాదు, పరిమితులు

మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర ప్రాంతంలో మిరప నారు పెంచే రైతులకు నారుకుళ్ళు తెగులును పరిచయం చేయనవసరం లేదు. ఆ తెగులుకు ముఖ్య కారకమైన పిథియం జాతి సూక్ష్మజీవే హైడ్రోపోనిక్స్‌లో వేరుకుళ్ళును కలిగిస్తుంది. నారుమడిలో తెగులు అక్కడక్కడా గుంపులుగా కనిపిస్తుంది. మట్టి లేని సాగులో ఒకే ద్రావణం అన్ని మొక్కల వేళ్ళను తాకి తిరిగి తొట్టికి చేరుతుంది. అందువల్ల నీటిలో ఈదగల దీని సిద్ధబీజాలు అన్ని వరుసలకూ వ్యాపించగలవు.

వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఈ ప్రాంతంలో సమస్యకు మూలం తొట్టి వేడెక్కడమే. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మి.గ్రా. ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీల వద్ద అది సుమారు 7 మి.గ్రా.కు తగ్గుతుంది. అదే సమయంలో వేళ్ళ శ్వాసక్రియ పెరిగి ఆక్సిజన్ అవసరం హెచ్చుతుంది. పిథియం అఫానిడెర్మేటమ్‌కు ఆ వేడి అనుకూలం. నీరు నిండుగా ఉన్నా మధ్యాహ్నం మొక్కలు వాడిపోవడం, వేళ్ళు గోధుమ రంగుకు మారి జిగురుగా తయారవడం, లాగితే పైపొర ఊడి లోపలి దారం వంటి భాగం మాత్రమే మిగలడం దీని లక్షణాలు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ విడిపోయినప్పుడు నీరు, ఆక్సిజన్ మాత్రమే మిగులుతాయి. 34 గ్రాముల పెరాక్సైడ్ నుండి 16 గ్రాముల ఆక్సిజన్ వెలువడుతుంది. అయితే నీరు పట్టుకోగలిగినదానికి మించినది బుడగలుగా పోతుంది. కనుక గాలి పంపునకు ఇది ప్రత్యామ్నాయం కాదు. దీని అసలు ప్రయోజనం ద్రావణంలో తేలే సిద్ధబీజాలను, నాచును, తొట్టి గోడలకు పట్టిన జిగురుపొరను ఆక్సీకరణం ద్వారా తగ్గించడం. వేరు కణజాలంలోకి ప్రవేశించిన తెగులును ఇది నయం చేయదు. మందపాటి గోడ గల విశ్రాంత బీజాలు దీనికి సులభంగా లొంగవు.

క్షేత్రస్థాయిలో ఎక్కువ నష్టానికి అవకాశం ఉన్నది మోతాదు లెక్కలోనే. “ఇన్ని మి.లీ. పోయండి” అనే సలహా, గాఢత చెప్పకపోతే, ప్రమాదకరం. ఉదాహరణకు 500 లీటర్ల తొట్టిలో లీటరుకు 25 మి.గ్రా. చొప్పున ఉండాలంటే 12.5 గ్రాముల పెరాక్సైడ్ కావాలి. మందుల దుకాణంలో దొరికే 6 శాతం ద్రావణమైతే సుమారు 208 మి.లీ., 30 శాతం ద్రావణమైతే 42 మి.లీ., పారిశ్రామిక 50 శాతం ద్రావణమైతే దాదాపు 21 మి.లీ. సరిపోతుంది. మొదటి కొలతనే చివరి సీసా నుండి పోస్తే తొట్టిలో లీటరుకు దాదాపు 250 మి.గ్రా. చేరుతుంది, లేత పాలకూర, లెట్యూస్ వేళ్ళు మాడిపోవడానికి అది చాలు. విస్తరణ సిబ్బంది సీసాపై గాఢతను చదివిన తరువాతనే కొలత చెప్పాలి. తక్కువ మోతాదుతో కొన్ని మొక్కలపై పరీక్షించిన తరువాతనే తొట్టి అంతటికీ కలపాలి.

పోషకాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పెరాక్సైడ్ ఇనుముతో చర్య జరిపినప్పుడు ఏర్పడే తీవ్ర ఆక్సీకారకాలు చీలేటును ఛేదిస్తాయి. ఇనుము అవక్షేపమై లేత ఆకులు ఈనెల మధ్య పసుపుబారుతాయి. దీనిని తెగులుగా పొరబడి మళ్ళీ పెరాక్సైడ్ పోస్తే లోపం ముదురుతుంది. గాఢమైన పోషక మూలద్రావణంలో దీనిని ఎన్నడూ కలపరాదు. ట్రైకోడెర్మా, సూడోమోనాస్, బాసిల్లస్ వంటి జీవనియంత్రణ కారకాలు వాడుతున్న తొట్టికి ఇది తగదు. పెరాక్సైడ్ శత్రుమిత్ర భేదం ఎరుగదు. రెండింటినీ ఒకేసారి సిఫారసు చేయడం రైతు సొమ్మును నీటిలో పోయించడమే.

సేంద్రియ పదార్థం, లోహాలు, వేడి, కాంతి దీని క్షయాన్ని వేగిరపరుస్తాయి. అందుచేత రోజుల లెక్కన కాక, పెరాక్సైడ్ పరీక్ష పట్టీతో మిగులును చూసి మాత్రమే మళ్ళీ కలపాలి. గాఢ ద్రావణం చర్మాన్ని తెల్లబరచి కాలుస్తుంది. కళ్ళకు మరింత ప్రమాదం. చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. వాయువు బయటకు పోయే మూత గల అసలు డబ్బాలోనే నీడలో నిల్వ చేయాలి.

తొట్టిని నేలలో పాతడం, కాంతి చొరకుండా కప్పి పైన తెల్లరంగు వేయడం, రాత్రింబవళ్ళు గాలి ఆడించడం ముందుగా చేయవలసిన పనులు. వీటి తరువాత కూడా వేళ్ళు జిగురెక్కుతుంటే, కుళ్ళిన మొక్కలను తీసివేసి, ద్రావణాన్ని మార్చి, అప్పుడే పెరాక్సైడ్ సీసా తెరవాలి.